రోహిణి కార్తె దాటని ఓవర్‌క్లాక్ నాకు లెక్కలోకి రాదు

డిసెంబర్‌లో ఒక రోజు పొద్దున్నే మా పిన్ని కొడుకు నిజాంపేట నుంచి ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. రైజెన్ 5 5600 అనే ఏఎండీ ప్రాసెసర్, దాని ఆరు కోర్లూ (లోపల విడివిడిగా పని చేసే భాగాలు) 4.7 గిగాహెర్ట్జ్, వోల్టేజ్ 1.35, పవర్ 118 వాట్లు, టెంపరేచర్ 78. ఓవర్‌క్లాక్ చేశాడు, అంటే కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే పైకి తోసి నడుపుతున్నాడు. కింద "అన్నా, ఫుల్ స్టేబుల్" అని రాశాడు. టెస్ట్ ఎప్పుడు చేశావురా, రూమ్‌లో ఎంత వేడి ఉంది అని అడిగాను. "రాత్రి రెండింటికి అన్నా, కిటికీ తీసే ఉంది, 18 ఉంటుందేమో" అన్నాడు. అయితే అది డిసెంబర్ రాత్రికి స్టేబుల్, అంతవరకే అన్నాను. వాడు నొచ్చుకున్నాడు. రెండు వారాలు కష్టపడ్డాడు మరి. ఫోన్‌లో వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ప్రాసెసర్ జోలికి వెళ్ళొద్దు, కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు వాడుకోండి అని చెప్పడానికి నేనిది రాయడం లేదు. ఈ పిచ్చి నాకు 2001లో, ఇంటర్ సెలవుల్లో పట్టింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అందరం సీటీసీ అంటాం, అక్కడ పై అంతస్తులో ఒక చిన్న రిపేర్ షాపులో ఒకన్న భూతద్దం పట్టుకుని ఏఎండీ డ్యూరాన్ చిప్పు మీద పెన్సిల్‌తో గీస్తున్నాడు. బాగా చెక్కిన పెన్సిల్, మొన సూదిలా ఉంది. ఆ చిప్పు మీద ఎల్1 బ్రిడ్జిలని చిన్న చిన్న చుక్కల జతలు ఉండేవి, వాటి మధ్య కలిపే తీగను ఫ్యాక్టరీలోనే లేజర్‌తో కోసేసి మల్టిప్లయర్‌కు, అంటే బోర్డు ఇచ్చే బస్ స్పీడ్‌ను ఎన్ని రెట్లు చేసుకుని చిప్పు నడవాలో చెప్పే అంకెకు, తాళం వేసేవారు. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైట్, దానిలోంచి కరెంటు పోతుంది కాబట్టి ఒక్కో జతనూ పక్క జతకు అంటకుండా గీతతో కలిపితే తాళం ఊడిపోతుంది. ఆయన ఊపిరి బిగబట్టి ఒక్కో గీత గీసి, చిప్పును బోర్డులో పెట్టి, ఆన్ చేస్తే 600 మెగాహెర్ట్జ్ చిప్పు స్క్రీన్ మీద 900 అని చూపించింది. రూపాయి పెన్సిల్‌తో ఒకటిన్నర రెట్లు. ఆ అంకె ఇంకా నా కళ్ళ ముందు ఉంది.

అంతకుముందే 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఎ వచ్చింది. దాని బస్ స్పీడ్ 66, మల్టిప్లయర్ నాలుగున్నర, అంటే 300 మెగాహెర్ట్జ్. బోర్డులో 66 బదులు 100 పెడితే అదే చిప్పు 450 అయ్యేది, అప్పట్లో చాలా ఖరీదైన పెంటియమ్ 2తో సమానంగా పరిగెత్తేది. ఆ రోజుల్లో ఓవర్‌క్లాకింగ్ అంటే డబ్బు లేనివాడు డబ్బున్నవాడి మిషన్ సంపాదించుకోవడమే. మధ్యతరగతి ఇళ్ళలో కంప్యూటర్ కొనడమంటే నాన్న పీఎఫ్ లోను తీయడం, ఆ లెక్కలో 150 మెగాహెర్ట్జ్ ఊరికే రావడం చిన్న విషయం కాదు. అందుకే ఈ పని మీద నాకిప్పటికీ గౌరవం.

ఇక 2013 సంగతి.

అప్పుడు ఎస్సార్ నగర్‌లో పెంట్‌హౌస్ రూమ్‌లో ఉండేవాణ్ని. నా దగ్గర ఇంటెల్ ఐ5-2500కె ప్రాసెసర్ ఉండేది. శాండీ బ్రిడ్జ్ తరం, 2011 జనవరిలో వచ్చింది, ఆ 'కె' ఉందంటే మల్టిప్లయర్‌కు తాళం లేదని అర్థం. బేస్ క్లాక్ 100, మల్టిప్లయర్ 33, అంటే 3.3 గిగాహెర్ట్జ్. నేను 2012 డిసెంబర్‌లో కూర్చుని మల్టిప్లయర్ 45 చేశాను, వోల్టేజ్ 1.35 దగ్గర కుదిరింది. ప్రాసెసర్‌ను ఫుల్ లోడ్‌లో పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రామ్ రాత్రంతా నడిపాను, తెల్లారేసరికి ఒక్క ఎర్రర్ లేదు, టెంపరేచర్ 71 దాటలేదు. స్టేబుల్ అనుకున్నాను. ఆరోజు నేను మా తమ్ముడిలాగే అందరికీ స్క్రీన్‌షాట్ పంపాను.

మే నెలలో అక్క పెళ్ళయింది. ఫోటోగ్రాఫర్ తీసినవి కాక, నా ఫ్రెండ్ కెమెరాతో తీసిన ఫోటోలు దాదాపు 1400 నా దగ్గరే ఉన్నాయి. డిస్క్‌లో చోటు లేదు, కార్డులు వాడికి తిరిగి ఇచ్చేయాలి. మే చివరి వారం, రాత్రి పదకొండింటికి, అన్నిటినీ జిప్ చేసి రెండు డీవీడీలకు ఎక్కించి, ఒరిజినల్స్ డిలీట్ చేశాను. ఎర్రర్ ఏమీ రాలేదు. కంప్యూటర్ హ్యాంగ్ కాలేదు, బ్లూ స్క్రీన్ రాలేదు, ఫ్యాన్ మోత తప్ప ఏ తేడా లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

శ్రావణ మాసం నోములకు అక్క ఇంటికి వచ్చి, ఫోటోలు చూద్దాంరా అంది. ఓపెన్ చేస్తే సీఆర్‌సీ ఎర్రర్, అంటే ఫైల్ లోపలి డేటా చెడిపోయిందని. మొత్తం మీద 63 ఫోటోలు పోయాయి, అవీ వరసగా కాదు, అక్కడక్కడా. అప్పగింతల్లో నాన్న అక్క చేతిని పాలల్లో ముంచి అత్తగారి చేతిలో పెట్టే ఫోటో ఒకటుంది, దాన్ని బలవంతంగా బయటికి తీస్తే సగమే వచ్చింది. పైన నాన్న ముఖం ఉంది, కళ్ళు తుడుచుకోబోతూ భుజం పైకి ఎత్తిన కండువా ఉంది. చేతులూ పాల గిన్నె ఉండాల్సిన కింది సగమంతా ఒట్టి బూడిద రంగు. అక్క ఏమీ అనలేదు, తర్వాతి ఫోటోకి వెళ్ళమంది.

డీవీడీ పాడైందేమో అనుకుని వేరే కంప్యూటర్‌లో పెట్టి చూశాను, అక్కడా అవే ఫైళ్ళు, అవే ఎర్రర్లు. మెమ్‌టెస్ట్ రాత్రంతా పెడితే ర్యామ్‌లో ఏ తప్పూ లేదు. అప్పుడు అనుమానం ప్రాసెసర్ మీదకు మళ్ళింది. మధ్యాహ్నం మూడింటికి కిటికీ మూసి రూమ్‌ను వేడెక్కనిచ్చి, 4.5 దగ్గరే ఉంచి, ఏడెనిమిది జీబీల ఫోల్డర్‌ను జిప్ చేసి అక్కడికక్కడే టెస్ట్ చేయించాను. మూడోసారి తప్పింది. మళ్ళీ చేస్తే అయిదోసారి. మల్టిప్లయర్ ఆటోకి తెచ్చి ఇరవైసార్లు చేశాను, ఒక్కసారీ తప్పలేదు.

చిప్ లోపల ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇంటికి స్లాబ్ వేసేటప్పుడు కూలీలు నిచ్చెన మీద వరసగా నిలబడి కాంక్రీట్ తట్టలు అందించుకుంటారు చూడండి. అందరి చేతులూ ఒకే లయలో, ఒకే తాళంలో కదలాలి. తాళం వేగం పెంచితే పని వేగంగా సాగుతుంది, కానీ ఆ వరసలో అందరికంటే నెమ్మదైన మనిషి తట్ట అందుకునేలోపే తర్వాతి తాళం పడితే అక్కడ చేతులు ఖాళీగా ఉంటాయి. ప్రాసెసర్‌లో తాళం అంటే క్లాక్. 3.3 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక తాళానికీ ఇంకో తాళానికీ మధ్య 0.303 నానోసెకన్లు, 4.5 దగ్గర 0.222. ఆ కాస్త సమయంలో శూన్యంలో వెలుతురు కూడా ఏడు సెంటీమీటర్లు దాటి పోలేదు. అంత ఇరుకులో సిగ్నల్ వరసగా ఎన్నో గేట్లు (ట్రాన్సిస్టర్లతో కట్టిన చిన్న స్విచ్చులు) దాటి గమ్యం చేరాలి. వోల్టేజ్ పెంచడమంటే కూలీలకు ఇంకాస్త బలం ఇవ్వడం. వేడి పెరిగితే తీగల రెసిస్టెన్స్ పెరుగుతుంది, ట్రాన్సిస్టర్లూ మందగిస్తాయి, ఆ బలం అంతా అక్కడ ఖర్చయిపోతుంది. కూలీ చేతిలోంచి తట్ట జారితే నలుగురూ చూస్తారు. ఇక్కడ ఎవరూ చూడరు. 1 ఉండాల్సిన చోట 0 పడుతుంది, ప్రోగ్రామ్ అదే నిజమనుకుని ముందుకు పోతుంది.

నా రూమ్ లెక్క చూడండి. ఒకే లోడు, ఒకే ఫ్యాన్ స్పీడ్ ఉంటే చిప్ వేడి రూమ్ వేడికంటే ఎంత ఎక్కువ ఉండాలో అంతే ఎక్కువ ఉంటుంది, రూమ్ పెరిగితే అదీ అంత పెరుగుతుంది. డిసెంబర్ రాత్రి రూమ్ 22, చిప్ 71. మే నెలలో పెంట్‌హౌస్‌లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు, పగలంతా ఎండ తాగిన స్లాబ్ రాత్రి పన్నెండైనా సెగ కక్కుతూనే ఉంటుంది, రూమ్ 37, 38 ఉంటుంది. అంటే చిప్ 86, 87. నిజానికి ఇంకొంచెం ఎక్కువే, ఎందుకంటే వేడెక్కిన చిప్‌లో లీకేజీ కరెంటు, అంటే పని లేకుండా ఊరికే కారిపోయే కరెంటు, కూడా పెరుగుతుంది. డిసెంబర్‌లో అంచు మీద నిలబడిన సెట్టింగ్ మే నెలలో లోయలో పడింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మా నానమ్మ ప్రతి ఎండాకాలం అనేది.

నా వాదన ఇదే. ఫ్యాక్టరీ మన చిప్‌లో వదిలిన ఖాళీని, అంటే రాసిన స్పీడ్‌కూ అది నిజంగా పోగలిగే స్పీడ్‌కూ మధ్య తేడాను, అందరూ "ఊరికే వచ్చే స్పీడ్" అంటారు, నేనూ అన్నాను. అది ఊరికే ఉన్నది కాదు. చలిదేశంలో ఏసీ ఆఫీసులో కూర్చున్నవాడికి అది వృథాగా కనిపించవచ్చు, హైదరాబాద్‌లో అది మే నెల కోసం దాచిపెట్టిన బియ్యం. మనం చూసే రివ్యూలు చాలావరకు 21, 22 డిగ్రీల రూముల్లో చేస్తారు. అందులో "4.7 దగ్గర 78 డిగ్రీలు" అని ఉంటే మన ఇంట్లో ఆ 78కి కనీసం 16 కలుపుకోవాలి. రూమ్ వేడి ఎంతో చెప్పకుండా ఎవరు స్టేబుల్ అన్నా ఆ మాటకు అర్థం లేదు.

దీనికి తోడు కరెంటు లెక్క ఒకటుంది. చిప్ తినే పవర్ స్పీడ్‌తో సమానంగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. నా 2500కె విషయంలో వోల్టేజ్ దాదాపు 1.2 నుంచి 1.35కి పోయింది, దాని వర్గం 27 శాతం పెరిగినట్టు. స్పీడ్ 36 శాతం. రెండూ గుణిస్తే పవర్ 73 శాతం ఎక్కువ. 36 శాతం పనికి 73 శాతం వేడి. ఆ వేడి ఎటు పోతుంది? కేబినెట్ వెనక ఫ్యాన్‌లోంచి మన రూమ్‌లోకే. ఏసీ ఉంటే ఆ వేడిని బయటికి తోయడానికి అది ఇంకాస్త కరెంటు తింటుంది, లేకపోతే మన ఒళ్ళు మోస్తుంది. గట్టిగా చెప్పాలంటే, ఆ రోజుల్లో పెద్ద కూలర్‌కు పెట్టిన డబ్బు ఒక ఎస్ఎస్‌డీ మీద పెట్టి ఉంటే నాకు రోజువారీ పనిలో ఎక్కువ స్పీడ్ వచ్చేది.

ఇంకో విషయం, ఇది మా తమ్ముడి వయసు వాళ్ళకు తెలియాలి. సెలెరాన్ రోజుల్లో కంపెనీలు నిజంగానే చాలా ఖాళీ వదిలేవి. 2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 ప్లాన్ రద్దు చేసుకుంది, వేడి తట్టుకోవడం కష్టమైంది. 2008లో ఇంటెల్ నెహలెమ్ తరం చిప్‌లతో టర్బో బూస్ట్ వచ్చింది. అప్పటినుంచి చిప్ తన వేడీ కరెంటూ తనే కొలుచుకుని ఎంత వీలైతే అంత స్పీడ్ తీసుకుంటోంది. అంటే ఇప్పుడు ఓవర్‌క్లాకింగ్ ఫ్యాక్టరీలోనే అయిపోయి వస్తోంది. దాని హద్దు ఎక్కడుందో 2024లో చూశాం. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్‌లు, 6 గిగాహెర్ట్జ్ దాకా పోయేవి, గేమ్‌ల మధ్యలో క్రాష్ అవడం మొదలైంది. ఎక్కువ వోల్టేజ్ వల్ల చిప్‌లు క్రమంగా దెబ్బతింటున్నాయని తేలి, ఆగస్టులో కొత్త మైక్రోకోడ్ (చిప్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఇచ్చి, వారంటీ రెండేళ్ళు పెంచారు. ఆ లోపం చాలామందికి మొదట ఎలా బయటపడిందంటే, గేమ్ లోడ్ అయ్యేటప్పుడు కంప్రెస్ చేసిన డేటాను విప్పే చోట ఎర్రర్ వచ్చేది. అది చదివినప్పుడు నాకు ఆ బూడిద రంగు సగం గుర్తొచ్చింది. కంపెనీవాళ్ళే, అన్ని పరికరాలూ అంతమంది ఇంజనీర్లూ ఉండి అంచు దాటేశారు. మనం రాత్రి రెండింటికి ఒక టెస్ట్ పెట్టి అంచు ఇక్కడుందని తేల్చేస్తామా?

"నాది నాలుగేళ్ళుగా ఓవర్‌క్లాక్‌లోనే ఉందన్నా, ఏమీ కాలేదు" అనేవాళ్ళు చాలామంది. ఏమీ కాలేదని మీకెలా తెలుసు? గేమ్ ఆడితే ఒక ఫ్రేమ్‌లో ఒక పిక్సెల్ రంగు మారితే కనిపిస్తుందా? నా మిషన్ కూడా ఆ అయిదు నెలలూ ఒక్కసారి క్రాష్ కాలేదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ పేరుతో హార్డ్‌వేర్ తప్పుల హెచ్చరికలు ఉన్నాయేమో ఎప్పుడైనా చూశారా? అన్నట్టు, ర్యామ్‌కు ఎక్స్ఎంపీ (ప్యాకెట్ మీది స్పీడ్‌ను ఒక్క నొక్కుతో పెట్టే సెట్టింగ్) ఆన్ చేయడం కూడా చాలాసార్లు ఓవర్‌క్లాకే. ప్యాకెట్ మీద రాసిన స్పీడే కదా అని అందరూ ఆన్ చేసేస్తారు, మెమ్‌టెస్ట్ పెట్టేవాళ్ళు పదిమందిలో ఒకరు ఉంటారో లేదో.

ఇటువైపు "అసలు ముట్టుకోవద్దు" అనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ఒకే పేరుతో అమ్మే రెండు చిప్‌లు ఒకేలా ఉండవు. వాటిలో ఎక్కువ వోల్టేజ్ అడిగే దాన్ని కూడా పాస్ చేయించడానికి ఫ్యాక్టరీ అన్నిటికీ కాస్త ఎక్కువే ఇస్తుంది. మీ చిప్ మంచిదైతే ఆ అదనపు వోల్టేజ్ ఒట్టి సెగ. అది కనిపెట్టి తగ్గించుకోవడం మన హక్కు, ఈ ఊళ్ళో అవసరం కూడా. మన దగ్గర చేయాల్సిన ఓవర్‌క్లాకింగ్ ఇదీ అని నాకిప్పుడు అనిపిస్తోంది, స్పీడ్ పైకి తోయడం కాదు, వోల్టేజ్ కిందికి దించడం. పెన్సిల్ పట్టుకున్న అన్న దగ్గర ఉన్న ఓపికే దీనికీ కావాలి, ఇంకా ఎక్కువే కావాలి.

నా దగ్గర ఇప్పుడున్నదీ 5600యే, 2022లో సీటీసీలోనే కొన్నాను. బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగ్‌ల మెనూలో, కర్వ్ ఆప్టిమైజర్ ఉంటుంది, ఏ స్పీడ్‌కు ఎంత వోల్టేజ్ అడగాలో చిప్ లోపల ఉన్న పట్టికను కోరు కోరుకీ విడిగా కిందికి జరపొచ్చు. నెట్‌లో అందరూ మైనస్ 30 పెట్టేయండి అంటారు. నా ఆరు కోర్లలో నాలుగు మైనస్ 25 దాకా హాయిగా పోయాయి, మిగతా రెండూ, విచిత్రంగా అవే ఎక్కువ స్పీడ్ తీసుకునే మంచి కోర్లు, మైనస్ 8 దాటితే తప్పుతున్నాయి. అదీ ఫుల్ లోడ్‌లో కాదు. ఏ పనీ లేకుండా బ్రౌజర్ తెరిచి కూర్చున్నప్పుడు ఒక కోరు ఒక్కసారిగా 4.4కి ఎగురుతుంది, అక్కడ వోల్టేజ్ చాలక సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. అందుకే ఒక్క ప్రైమ్95 సరిపోదు, కోర్‌సైక్లర్ పెట్టి ఒక్కో కోరును విడిగా రాత్రంతా తిప్పాలి. దీనికి నాకు మూడు వారాలు పట్టింది. తర్వాత చిప్‌కు ఇచ్చే మొత్తం పవర్ 76 వాట్ల నుంచి 65కి దించాను. స్పీడ్ దాదాపు మునుపటిదే, వేడి పది డిగ్రీలు తక్కువ. ఈ పది డిగ్రీలు మే నెలలో నాకెంత ఊరటో, పక్కనే కూర్చుని చదువుకునే మా పాపకూ అంతే.

టెస్ట్ చేసే పద్ధతి ఒక్కటే చెప్తాను, మిగతావి ఎక్కడైనా దొరుకుతాయి. ముందు బ్లోయర్‌తో హీట్‌సింక్ దుమ్ము కొట్టేయండి, ఈ మెట్రో, ఫ్లైఓవర్ పనుల ఊళ్ళో నాలుగు నెలలకే జాలీ మూసుకుపోతుంది. కేబినెట్ డోర్ మూసి, ఏసీ ఆపి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యలో చేయండి. ఇప్పుడు చలికాలమైతే రూమ్ ఎంతుందో రాసుకుని, మే నెలలో 38 అవుతుందనుకుని ఆ తేడా మొత్తం చిప్ వేడికి కలిపి చూడండి. ఆ మొత్తం 85 దాటితే ఆ సెట్టింగ్ వదిలేయండి. తర్వాత ఒక పెద్ద ఫోల్డర్ తీసుకుని జిప్ చేయడం, టెస్ట్ చేయడం, ఇరవైసార్లు. ఒక్కసారి తప్పినా తప్పినట్టే, "అప్పుడప్పుడూ అవుతుందిలే" అని సర్దుకోవద్దు. ఇవన్నీ దాటాక కూడా రోహిణి కార్తెలో మరోసారి.

ఇది చదివి ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, ఫోటోల బ్యాకప్ మాత్రం ఆటో సెట్టింగ్‌లో ఉన్న మిషన్ మీదే తీయండి, హ్యాష్ (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తు, కాపీకీ అదే రావాలి) సరిచూశాకే ఒరిజినల్ డిలీట్ చేయండి.

మా తమ్ముడికి ఇదంతా ముక్కలు ముక్కలుగా వాయిస్ మెసేజ్‌లలో చెప్పాను. 18 డిగ్రీల రూమ్‌లో 78 అంటే 38 డిగ్రీల రూమ్‌లో 98 అవుతుందిరా, ఆ చిప్ హద్దే దాటిపోతుంది అని లెక్క కూడా కట్టి పంపాను. నాలుగు రోజులు జవాబు లేదు. ఆదివారం ఫోన్ చేసి, కిటికీ మూసి రూమ్ హీటర్ పెట్టి మళ్ళీ చేశానన్నా అన్నాడు. నాలుగో కోరు పదకొండు నిమిషాలకు తప్పిందట. అన్ని కోర్లకూ పెట్టిన 4.7 తీసేశాడు, ఆటోకి వచ్చి, కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ 10 నుంచి మొదలుపెట్టాడు. మే ఆఖరి వారంలో రెండు రోజులు వచ్చి ఉండమని అడిగాడు, వాళ్ళదీ పై అంతస్తే. వస్తానన్నాను, వస్తూ వస్తూ థర్మామీటర్ తెస్తానని కూడా చెప్పాను.